జల్లెడలో ఊదారంగు నలుసు

మా కింది వాటాలో ఉండే పిన్నిగారు మాకు చుట్టం కాదు. రెండేళ్ళ క్రితం మేము పై వాటాలో దిగిన రోజున మా బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుపోతే, ఆవిడ పిండి చేతులతోనే బయటికి వచ్చి ఒక నిమిషం చూశారు. "ముందు ఆ అద్దం ఊడదియ్యండి బాబూ. తర్వాత పడుకోబెట్టి లాగండి. నిలబెట్టి తోస్తే అది అక్కడే కాపరం పెడుతుంది" అన్నారు. అలాగే చేశాం. బీరువా పైకి చేరింది, ఆవిడ నాకు పిన్నిగారయ్యారు.

ఆవిడకు అరవై మూడేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు బిస్కట్ల ఫ్యాక్టరీలో గడిచాయి. మొదట ప్యాకింగులో, తర్వాత పొయ్యి చివర. ఆ పొయ్యి మన ఇళ్ళలోలా ఉండదట, రైలుపెట్టె అంత పొడవుంటుందట. ఒక చివర పచ్చి పిండి బిళ్ళలు బెల్టు మీద లోపలికి పోతే, రెండో చివర కాలి బయటికి వస్తాయి. వచ్చేవాటిలో మాడినవి, విరిగినవి, వంకరవి ఏరి పక్కన పడేయడం ఆవిడ పని. అన్నేళ్ళ వేడికి కుడిచేతి వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. ఇప్పటికీ ఓవెన్‌లోంచి తీసిన బిస్కట్‌ను గుడ్డ లేకుండా పట్టుకుని తిరగేసి చూస్తారు. "రిటైరయ్యేటప్పుడు వాళ్ళు గోడ గడియారం ఇచ్చారు. ఈ వేళ్ళు నేను సొంతంగా తెచ్చుకున్నా" అంటారు.

బాబాయిగారు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు ఆ ఇంట్లో పళ్ళేలు కడిగే ఉద్యోగం ఆయనది. ఇద్దరు కొడుకులు ఇదే ఊళ్ళో ఉన్నారు. ఒకాయన ఇళ్ళకు రంగులేస్తాడు, ఒకాయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఇద్దరికీ తీపి పడదు. "దేవుడు నాకు చెయ్యిచ్చి, వీళ్ళకి నోరివ్వలేదు" అని పిన్నిగారు నిట్టూరుస్తారు.

ఆవిడ చేసేది ఒక్కటే రకం. ఊదారంగు పెండలంతో మెత్తటి బిస్కట్లు. ఫ్యాక్టరీలో ఆవిడ పక్కన నిలబడి పనిచేసే ఒకామె ఒకరోజు మధ్యాహ్నం డబ్బాలో ఉడికించిన పెండలం ముక్కలు తెచ్చిందట. "రంగు కలిపావా అనడిగా. లేదే, పుట్టుకే అంత అంది. పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా గోధుమరంగు తప్ప ఇంకోటి చూడని కళ్ళు బాబూ నావి. ఆ పూట దాన్ని డబ్బా మూత పెట్టనివ్వలేదు" అని చెప్పారు ఒకసారి. రిటైరయ్యాక ఒక ఓవెన్ కొనుక్కుని, ఆ పెండలాన్ని బిస్కట్లలోకి తేవడానికి ఏడాది కష్టపడ్డారు.

పెండలాన్ని తొక్కతోనే ఆవిరి మీద ఉడికిస్తారు. వేడి తగ్గాక తొక్క ఒలిచి, జల్లెడ మీద రుద్ది వెన్నలాంటి ముద్ద చేస్తారు. అందులో వెన్న, చక్కెర, గుడ్లు, మైదా, బేకింగ్ పౌడరు, అరచెక్క నిమ్మరసం. పిండి ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక చిన్న ఉండలు చేసి, పొడి చక్కెరలో తెల్లగా పొర్లించి ఓవెన్‌లో పెడతారు. పది నిమిషాలకు ఉండలు ఉబ్బుతాయి, పైనున్న తెల్లపొర పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి లోపలి ఊదారంగు బయటపడుతుంది. అంచులు కాస్త గట్టిగా, నడుమ దూదిలా ఉంటాయి. ఎండిన చెరువులో నెర్రెల్లా ఉన్నాయని బాబాయిగారు వాటికి నెర్రెల బిస్కట్లని పేరు పెట్టారు. వీధి అంతా అదే పేరుతో కొనుక్కుంటారు.

నేను నీళ్ళను పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. చదివింది రసాయనశాస్త్రం. పరిచయమైన కొత్తలో ఒకరోజు ఆవిడ నిమ్మకాయ పిండుతుంటే ఊరుకోలేకపోయాను.

"అదెందుకు పనిచేస్తుందో తెలుసా పిన్నిగారూ? ఆ ఊదారంగు ఆంథోసయనిన్ అనే పదార్థం. పులుపు తగిలితే ఎర్రటి వైపు పోతుంది, సోడాలాంటి క్షారం తగిలితే నీలంగా, ఆకుపచ్చగా మారిపోతుంది. నిమ్మరసం దాన్ని కాపాడుతుంది."

ఆవిడ శ్రద్ధగా విన్నారు. "అయితే నిమ్మరసం వెయ్యాలా, వద్దా?"

"వెయ్యాలి."

"ఎంత?"

"మీరు వేస్తున్నంతే."

"మరి ఇప్పుడు నువ్వు చెప్పిందేంటి బాబూ?"

సింకు దగ్గర్నించి బాబాయిగారి నవ్వు వినబడింది.

మా పాపను ఇంట్లో పిచ్చుక అంటాం. ఏడాదిన్నర వయసులో, మా ఆఫీసాయన ఇంట్లో కేకు ముక్క తిన్న పావుగంటకు దాని పెదాలు వాచాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి ఈలలా వినబడడం మొదలైంది. ఆంబులెన్సులో దాని ఛాతీ మీద చెయ్యి వేసి అంకెలు లెక్కపెడుతూ కూర్చున్నాను. గుడ్డు పడదని ఆసుపత్రిలో తేల్చారు. అప్పట్నించి మా ఇంట్లోకి గుడ్డు రాలేదు. అవసరమైతే తొడకు పొడిచే ఇంజెక్షను ఉన్న ఎర్ర సంచి నా భుజం దిగలేదు. పాప బయట ఎక్కడా ఏదీ తినలేదు. బడిలో ఎవరి పుట్టినరోజయినా కేకు కోస్తే, మా పిల్ల కిటికీ పక్కన వేరే చిన్న బల్ల దగ్గర తన డబ్బాతో కూర్చుంటుంది. ఆ ఏర్పాటు నేను అడిగి చేయించిందే. ఒకసారి తొందరగా తీసుకురావడానికి వెళ్ళి, తలుపు అద్దంలోంచి ఆ దృశ్యం చూశాను. అది ఏడవట్లేదు. డబ్బా మూత తీస్తూ, పెడుతూ ఉంది.

నాలుగో పుట్టినరోజు నెల రోజులుందనగా పాప తన షరతు చెప్పింది. "ఈసారి నేను పంచుతా. పంచిందే నేనూ తింటా. పెద్ద బల్ల దగ్గర."

"ఏం పంచుతావు తల్లీ?"

"కిందమ్మమ్మ ఊదా బిస్కట్లు."

రోజూ మెట్లెక్కుతూ దిగుతూ వాటి వాసన పీలుస్తుంది, కిటికీలోంచి చూస్తుంది. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. ఆలోచిద్దాంలే అన్నాను. మా ఇంట్లో ఆ మాటకు అర్థం వద్దనే అని దానికి తెలిసిపోయింది. అందుకని తనే కిందికి వెళ్ళింది.

మర్నాడు పిన్నిగారు పైకి వచ్చారు. "నీ కూతురు ఆర్డరిచ్చి వెళ్ళింది. గుడ్డు లేకుండా ఇరవై నాలుగు. అడ్వాన్సు కూడా ఇచ్చింది" అని మణికట్టు చూపించారు. అక్కడ కప్ప బొమ్మ స్టిక్కరు అంటించి ఉంది.

"వద్దు పిన్నిగారూ. మీరు రోజూ గుడ్లతో చేసే చోట..."

"అడ్వాన్సు తీసుకున్నాను బాబూ" అన్నారు ఆవిడ.

గుడ్డు తీసేసి బదులు పాలు పోస్తే ఆ బిస్కట్ బిస్కట్‌గా నిలబడదని మొదటి పళ్ళెంలోనే తేలింది. ఉండలన్నీ కరిగి, కలిసి, ఒకే రేకులా అయ్యాయి. రెండోసారి పాలు తగ్గించి మైదా పెంచితే రబ్బరులా సాగాయి. మూడోసారి నేను సలహా ఇచ్చాను. ఉబ్బడానికి బేకింగ్ పౌడరుతో పాటు కాస్త వంటసోడా కూడా వెయ్యమన్నాను. వేశారు. బిస్కట్లు ఉబ్బాయి, బూజు పట్టినట్టు ఆకుపచ్చగా కూడా మారాయి. సోడా తగిలితే ఏమవుతుందో ఆవిడకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. బాబాయిగారు ఆ పళ్ళేన్ని మూడు రోజులు కిటికీలో ఉంచి, వచ్చినవాళ్ళందరికీ "ఇది మా ఇన్‌స్పెక్టరుగారి చదువు" అని చూపించారు. ఆయన నాకు పెట్టిన పేరు అది. నాలుగోసారి రంగు కుదిరింది, మెత్తదనం కుదిరింది, కానీ ఒక్క నెర్రె లేదు.

"చూడు బాబూ, అచ్చం మీ బాబాయిగారి తలకాయే" అన్నారు పిన్నిగారు ఒకటి చేతిలోకి తీసుకుని.

"నా తలని అంత నున్నగా చేసింది ఎవరో కూడా చెప్పు" అన్నారాయన.

ఐదోసారి, ఆరోసారి. ఉండను ముందు మామూలు చక్కెరలో, తర్వాత పొడి చక్కెరలో పొర్లిస్తే పైపొర త్వరగా ఎండి పగులుతుందని ఆవిడే కనిపెట్టారు. మూడు వారాల పాటు, రోజూ అమ్మకానికి చేసేవి చేశాక, మధ్యాహ్నం నిద్ర మానుకుని ఇది చేశారు. అప్పట్లో నేను ఆలోచించింది ఆవిడ శ్రమ గురించి కాదు. గిన్నెలు, గరిటెలు, గుడ్డలు, వీటి గురించి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పుట్టినరోజు శుక్రవారం. గురువారం ఆవిడ అమ్మకం ఆపేసి వంటగది మొత్తం కడిగారు. నేను పంతొమ్మిది అంశాల జాబితా పట్టుకుని దిగాను. మా ఆవిడ మెట్ల దాకా వచ్చి, "ఆవిడ బిస్కట్లు చేస్తోంది, ఉపగ్రహం కాదు. కాస్త మర్యాదగా మాట్లాడు" అని హెచ్చరించి పంపింది.

పిన్నిగారు ఏమీ అనుకోలేదు. ఒక్కొక్కటే చూపించారు. మైదా కొత్తది, వెన్న కొత్తది, పాలు కొత్తవి, గరిటె కొత్తది, గిన్నెలు తోమే పీచు కొత్తది. పళ్ళేలు మరిగే నీళ్ళలో వేసి తీశారు. ఓవెన్ లోపల మూడుసార్లు తుడిచారు. పొడి చక్కెర డబ్బా మూత తీసి చూపిస్తే, చక్కెరలో ఏముంటుందిలే అని టిక్కు పెట్టుకున్నాను.

"నా నోరు కూడా చూస్తారా ఇన్‌స్పెక్టరుగారూ? పొద్దున ఆమ్లెట్ తిన్నాను" అన్నారు బాబాయిగారు గుమ్మంలోంచి.

"అయితే మీరు వంటింట్లోకి రాకండి బాబాయిగారూ."

"నలభై ఏళ్ళలో మా ఆవిడ కూడా నన్ను ఆ మాట అనలేదు" అని ఆయన ముందుగదిలోకి వెళ్ళి కూర్చున్నారు.

శుక్రవారం నేను సెలవు పెట్టాను. మా ఆవిడ పనిచేసే మందుల దుకాణంలో ఆ రోజు సాయంత్రం దాకా వంతు ఆవిడదే. పాపను బడిలో దింపి వచ్చాను. మూడున్నరకు పంచడం. తొమ్మిదింటికల్లా కింద నుంచి వెన్న వాసన వచ్చింది. పదింటికి మెట్లు దిగి చూశాను. ఇరవై నాలుగు బిస్కట్లు వైరు స్టాండు మీద ఆరుతున్నాయి, తెల్లగా, ఊదాగా, అందంగా పగిలి. గట్టిగా మాట్లాడితే ఏమైనా అవుతుందేమోనని చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.

పదిన్నరకు మా తలుపు తట్టారు. పిన్నిగారు గడప బయట నిలబడ్డారు. చేతిలో జల్లెడ ఉంది.

"బాబూ, ఆ బిస్కట్లు పాపకి పెట్టొద్దు."

నాకు అర్థం కాలేదు. "మాడిపోయాయా?"

"బాగానే వచ్చాయి. పెట్టొద్దు." ఆవిడ జల్లెడ నా ముందుకు చాపారు. జల్లెడ అడుగున కాస్త తెల్ల పొడి, అందులో ఒక ఊదారంగు నలుసు. ఆవగింజంత.

"ఉండలు పొర్లించగా మిగిలిన పొడి చక్కెర ఉంటుంది కదా, దాన్ని నేను పారెయ్యను. జల్లించి మళ్ళీ డబ్బాలో పోస్తాను. మొదట్నించీ అంతే. ఇప్పుడూ అలాగే జల్లించబోతే ఇది కనపడింది. ఇది ఇవాళ్టిదే, ఇందులో గుడ్డు లేదు. కానీ దీన్ని చూశాక మొన్నటిది గుర్తొచ్చింది. రోజూ గుడ్డు పిండి ఉండలు పొర్లించిన చక్కెరే బాబూ ఆ డబ్బాలోది. పెద్ద నలుసులు జల్లెడలో ఆగుతాయి. చిన్నవి కిందికి పోతాయి. అన్నీ కడిగాను, ఆ డబ్బా ఒక్కటి మర్చిపోయా."

నాకు ముందు వచ్చింది కోపమే. నా పిల్ల ఆ పొడి నోట్లో పెట్టుకునేదన్న ఆలోచనే కోపమైంది. ఏదో అనబోయి, చెయ్యి జేబులో పెట్టాను. నా జాబితా తగిలింది. పదమూడో అంశం: పొడి చక్కెర. పక్కన నా చేత్తో పెట్టిన టిక్కు. వడపోత కాగితంలోంచి ఏం జారిపోతుందో చూడడమే నేను జీతం తీసుకుని చేసే పని. ఆ డబ్బాలోకి తొంగిచూసి కూడా, చక్కెరే కదా అనుకున్నాను.

జాబితా ఆవిడకు చూపించాను. "నేనూ చూశాను పిన్నిగారూ. నాకూ తట్టలేదు."

ఆవిడ ఆ టిక్కు వైపు చాలాసేపు చూసి, మెల్లగా పై మెట్టు మీద కూర్చున్నారు.

నాకు అప్పుడు తోచిన దారి చెప్పాను. "పోనీలెండి. మిగతా పిల్లలకు ఇవి పంచుదాం. వాళ్ళకేం కాదు. పాపకి ఇంట్లో ఇంకేదైనా చేసి డబ్బాలో..."

"అది అడిగింది అది కాదుగా" అన్నారు.

కాదు. పంచిందే తింటానంది.

"మూడున్నర కదా. పెండలం ఇంకో ముక్కుంది, తొక్క కూడా తియ్యలేదు. మీ ఇంట్లో చేద్దాం. మీ గిన్నెలు, మీ చక్కెర, మీ ఓవెన్. నావి ఈ చేతులే, అవి కడుక్కుని వస్తా" అని లేచారు.

బట్టలు మార్చుకుని, గోళ్ళు కత్తిరించుకుని, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని వచ్చారు. అప్పటికి నేను పెండలాన్ని ఆవిరి మీద పెట్టి, మిక్సీలో చక్కెర పొడి కొట్టి, అది గడ్డకట్టకుండా కొత్త ప్యాకెట్టులోంచి మొక్కజొన్న పిండి రెండు చెంచాలు కలిపాను. పదకొండుంపావుకు పెండలం మెత్తబడింది. కాలుతున్న దాని తొక్కను ఆవిడ ఆ మొద్దుబారిన వేళ్ళతోనే ఒలిచేశారు. చల్లారేదాకా ఆగాల్సిన పని లేకుండా పోయింది.

పిండి కలిపాక చిక్కొచ్చింది. అది ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉండాలి. మా చిన్న ఓవెన్‌లో విడతలు విడతలుగా కాల్చి, ఆరబెట్టి, బడికి చేర్చాలంటే మాకున్నది గంట కూడా కాదు.

"ముద్దలా పెట్టొద్దు పిన్నిగారూ. పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెడదాం. పల్చగా ఉంటే లోపలిదాకా తొందరగా చల్లబడుతుంది."

ఆవిడ నావైపు చూసి, "ఆ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అన్నారు. కిందనుంచి బాబాయిగారు అరిచారు, "ఏమే, ఆకుపచ్చవేమైనా వస్తే నాకు దాచి పెట్టు."

పిండి చల్లబడేలోగా చెయ్యడానికి పనేమీ లేదు. ఇద్దరం మా చిన్న వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా పిన్నిగారూ. అంత సన్న పొడి. ఏమీ కాకపోయేదేమో కూడా."

ఆవిడ ఎడమ చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"ఫ్యాక్టరీలో బెల్టు పక్కనే ఎర్ర తాడొకటి వేలాడుతూ ఉండేది. లోపల ఏదైనా పడిందని ఎవరికి అనుమానం వచ్చినా దాన్ని లాగాలి. బెల్టు ఆగిపోతుంది. ఒకసారి పైన లైటు పగిలితే నేనే లాగా. ఆ పూట సరుకంతా పారబోశారు. సూపర్‌వైజరు తిట్టాడు. తిడితే తిట్టాడు, నిద్ర పట్టింది. ఇంకోసారి ఏమైందంటే, ఇంటికొచ్చి చూసుకుంటే ఈ చెవి దుద్దు వెనకుండే మర లేదు. అంతే ఉంటుంది, బియ్యపు గింజంత. దార్లో పడిపోయుంటుందిలే, బస్సులో పడిపోయుంటుందిలే అనుకున్నా. మర్నాడు వెళ్ళి చెప్పలేదు. చెప్తే మళ్ళీ సరుకంతా పారబోస్తారు, మళ్ళీ తిడతారు. మూడోరోజుకి ఆ పెట్టెలు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎవరికీ ఏం కాలేదనే అనుకుంటున్నా. అనుకోవడమే బాబూ. తెలీదు. ఇరవై రెండేళ్ళయింది, ఎక్కడన్నా పసిపిల్లలు దగ్గితే ఇప్పటికీ అటు చూస్తా." చెవి వదిలేశారు. "లే, పిండి చూద్దాం."

పిండి గట్టిపడింది. పెండలం ముక్క చిన్నది కావడంతో ఉండలు కూడా చిన్నవే వచ్చాయి, ఇరవై నాలుగు. మా ఓవెన్‌లో ఒకసారికి ఆరే పడతాయి. మొదటి ఆరు లోపల పెట్టి, ఇద్దరం నేలమీద గొంతుక్కూర్చుని అద్దంలోంచి చూశాం. ఐదు నిమిషాలు. ఏడు. తెల్లటి గుండ్లు తెల్లటి గుండ్లలాగే ఉన్నాయి.

"రావట్లేదు పిన్నిగారూ."

"నువ్వలా గుడ్లురిమితే అవి సిగ్గుపడతాయి."

తొమ్మిదో నిమిషంలో ఒకదాని మీద వెంట్రుకంత గీత పడింది. తర్వాత దాని పక్కదాని మీద. చూస్తుండగానే ఆరూ విచ్చుకున్నాయి. ఆవిడ వెంటనే ఓవెన్ ఆపమన్నారు.

"నడుమ ఇంకా పచ్చిగా ఉంది పిన్నిగారూ. పుల్ల గుచ్చి చూద్దాం."

"వద్దు. పళ్ళెం వేడికి మిగతాది అదే అవుతుంది. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఉంచితే అది మా ఫ్యాక్టరీ సరుకవుతుంది."

నాకు నమ్మకం కలగలేదు. ఆవిడ నా నమ్మకం కోసం ఆగలేదు, పళ్ళెం తీసి పక్కన పెట్టారు. అయిదు నిమిషాల తర్వాత ఒకటి విరిచి నాకిచ్చారు. ఆవిరి వచ్చింది. లోపల మెత్తగా, తడి తడిగా, పూర్తిగా ఉడికి ఉంది. రెండేళ్ళుగా ఆ ఇంటి పైన ఉంటూ నేను కూడా అది తినడం అదే మొదటిసారి. పాప తిననిది మేమూ తినకూడదని అనుకున్నాం.

రెండు గంటలకు నాలుగు విడతలూ అయ్యాయి. నేను విరిచింది పోను ఇరవై మూడు. పిల్లలు ఇరవై రెండు మంది, టీచరమ్మ ఒకరు. ఆవిడ వాటిని డబ్బాలో సర్ది, నా చేతికిచ్చి, "నేను రాను. నన్ను చూస్తే అది నా ఒళ్ళో కూర్చుని తింటుంది. బల్ల దగ్గర తిననీ" అన్నారు.

బడిలో నేను వెనక గోడ దగ్గర, నా మోకాళ్ళు గడ్డానికి తగిలే చిన్న కుర్చీలో కూర్చున్నాను. ఎర్ర సంచి ఒళ్ళో ఉంది, దాని జిప్పు తెరిచే ఉంది. పిచ్చుక డబ్బాను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, ఒక్కొక్కరి ముందు ఆగి, ఒక్కొక్కటి పెట్టింది. ఒకడు ఇది మట్టా అని అడిగాడు. "కాదు, పెండలం. మా కిందమ్మమ్మది" అని చెప్పింది. అందరికీ అయ్యాక పెద్ద బల్ల దగ్గర, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఒక నిమిషం తన బిస్కట్‌ను చూసుకుంది. తర్వాత కొరికింది.

నేను గడియారం చూశాను. పావుగంట. ఆంబులెన్సు రోజున కూడా పావుగంటే. దాని పెదాల మీద తెల్ల పొడి, పొడి కింద ఊదారంగు మరక. అది మరకో, వాపో ఆ దూరం నుంచి తెలియలేదు. లేచి కాస్త దగ్గరికి వెళ్ళాను. ఇంకాస్త వెళ్ళాను.

"నాన్నా, నువ్వు నా పెదాలు చూస్తున్నావు."

"లేదు తల్లీ."

"చూస్తున్నావు. అవి బాగానే ఉన్నాయి. అడ్డు తప్పుకో, వాడితో మాట్లాడుతున్నా."

టీచరమ్మ తన బిస్కట్ తినకుండా చేతిలోనే పట్టుకుని ఉన్నారు. పాప దాని వైపు చూడడం గమనించి, ఇచ్చేశారు. అది రెండోది కూడా తినేసింది. నేను నా కుర్చీలోకి వెళ్ళాను. ఇరవై నిమిషాలు, అరగంట. ఏమీ కాలేదు. పిల్లలు బయటికి పరిగెత్తారు, అదీ పరిగెత్తింది. నేను ఖాళీ గదిలో సంచి జిప్పు వేసుకుంటూ కూర్చుండిపోయాను, ఎందుకో లేవబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చేసరికి పిన్నిగారు మెట్ల దగ్గరే ఉన్నారు.

"తిందా?"

"తింది పిన్నిగారూ."

"ఎన్ని?"

"రెండు."

"రెండోది నువ్వు పెట్టావా, అది అడిగిందా?"

"కళ్ళతో అడిగింది."

ఆవిడ తల ఊపారు. ఆవిడతో చెప్పాలని దారి పొడుగునా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. మూడు వారాల మధ్యాహ్నాల గురించి, ఆ గడప బయట నిలబడడం గురించి. "చాలా..." అని ఆగిపోయాను. "చాలా అలిసిపోయావు, వెళ్ళి పడుకో" అని ఆవిడే పూర్తి చేసి లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు అనలేనివి ఇలా రాస్తున్నాను. ఆవిడ చదువుతారు. చదివి, పెండలం కొలత తప్పు రాశానని అంటారు, కొలత అసలు రాయలేదు కాబట్టి ఆ గొడవ లేదు.

పొద్దున చేసిన ఇరవై నాలుగింటినీ బాబాయిగారు బస్సు డిపోలో పాత స్నేహితులకు పట్టుకెళ్ళారు. "మావాళ్ళకి గుడ్డేం ఖర్మ, ఇంజను బోల్టులైనా అరుగుతాయి" అన్నారు. ఆ చక్కెర డబ్బాను పిన్నిగారు గుడ్డు వేసే బిస్కట్లకే ఉంచి, ఇంకో డబ్బా కొన్నారు. ఇప్పుడు ప్రతి గురువారం ఆవిడ ఇంట్లో గుడ్డు ముట్టుకోరు. ఆ రోజు చేసేవన్నీ గుడ్డు లేనివే. వీధిలో ఇంకో రెండు ఇళ్ళ పిల్లలకు కూడా గుడ్డు పడదని అప్పుడు బయటపడింది. వాళ్ళ అమ్మలు గురువారం సాయంత్రం ముందే వచ్చి నిలబడుతున్నారు.

పాప గురువారాలు ఒక్కతే కిందికి వెళ్తుంది, ఉండలు పొర్లించడానికి, తినడానికి. మొదటి గురువారం ఎర్ర సంచిని వాళ్ళ తలుపు పక్క కొక్కేనికి తగిలించి, ఇంజెక్షను ఎలా వాడాలో ఇద్దరి చేతా రెండేసిసార్లు చేయించి, అప్పటికీ పైకి వెళ్ళలేక మెట్ల మీద కూర్చున్నాను. లోపలి నుంచి వాళ్ళ మాటలు వినబడుతున్నాయి. పావుగంట తర్వాత బాబాయిగారు తల బయటపెట్టారు.

"ఇన్‌స్పెక్టరుగారూ, లోపల సోదా అయిపోయింది. మీ అమ్మాయి నన్ను పళ్ళేలు సరిగ్గా తుడవలేదని మళ్ళీ తుడిపిస్తోంది. మీ ఉద్యోగం అది చేస్తోంది కదా, మీరు వెళ్ళి టీ పెట్టుకోండి."

వెళ్ళాను. టీ పెట్టుకున్నాను. కిటికీ దగ్గర కూర్చున్నాను. రెండున్నరేళ్ళలో మొదటిసారి, టీ వేడిగా ఉండగానే తాగాను.